సైటు పక్కనే పరమాణువు

యలహంకలో సైట్లు అమ్మేవాళ్లకి ఇదివరకు ఎయిర్‌పోర్టు ఒక్కటే దేవుడు. "ఇరవై నిమిషాలన్నా, అంతే" అనేవారు. ఆ ఇరవై నిమిషాలు ఏ అర్ధరాత్రివో చెప్పేవారు కాదు. ఇప్పుడు కొత్త దేవుడు వెలిశాడు. పక్కనున్న హెసరఘట్టలో క్వాంటమ్ సిటీకి కర్ణాటక ప్రభుత్వం 6.17 ఎకరాలిచ్చింది. అంతే, మా హిందూపురం బ్రోకరు ముప్ఫై నలభై సైటు చూపిస్తూ, "ఈడికి క్వాంటమ్ ఫైబర్ వస్తాదన్నా. ఎవురూ హ్యాక్ చేసేకి కాదు. రేటు డబులే" అన్నాడు.

ఫైబర్ సంగతి నాకూ కొంచెం తెలుసు. మా వీధిలో అది కానుగ చెట్టుకి చుట్టలుగా వేలాడుతుంటుంది. మొన్న కొమ్మ విరిగి తెగింది. అతకడానికొచ్చిన కుర్రాడు పైతొడుగు ఒలిచి, స్పిరిట్‌తో తుడిచి, గాజుపోగు కొసలు రెండూ స్ప్లైసింగ్ మిషన్లో పెట్టి, నన్ను తుమ్మొద్దన్నాడు.

ఆ పోగు మందం 125 మైక్రాన్లు. 2010లో జర్మనీలోని మైంజ్‌లో రౌషెన్‌బ్యూటెల్ బృందం అలాంటి పోగును అరమైక్రానుకు సాగదీసి, శూన్యంలో ఉంచి, లేజర్ కాంతితో చేసిన గుంటల్లో సీజియం పరమాణువుల్ని, గుంటకి ఒకటికి మించకుండా, దాని పక్కన నిలబెట్టింది. పక్కన అంటే నిజంగానే పక్కన, దాదాపు 200 నానోమీటర్లు. బ్రోచర్లో "పక్కనే" కాదు.

ఇంత తంటా ఎందుకంటే, మామూలు ఫైబర్లో 15 కిలోమీటర్లకే సగం కాంతి మాయం. ఫోను మాటలైతే దారిలో యాంప్లిఫయర్ పెట్టి గట్టిపరుస్తారు. క్వాంటమ్ సందేశానికి నకలు కుదరదు, ఆ జిరాక్సు షాపు ప్రకృతే మూసేసింది. అందుకే మధ్యలో దాన్ని ఒడిసిపట్టి ఆపే పరమాణువు కావాలి. లేదంటే 500 కిలోమీటర్లకు వెయ్యి కోట్ల కాంతికణాలు పంపితే చేరేది ఒక్కటి. కర్ణాటక క్వాంటమ్ మిషన్‌కు ప్రకటించిన సొమ్మూ వెయ్యి కోట్లే. ఇందులో ఎంత చేరుతుందో నేను పందెం కాయను.

ఇక హ్యాకింగా? అదే 2010లో లిడెర్సన్, మకరోవ్‌ల బృందం రహస్య సందేశాలకు తాళంచెవి పంపే, బజార్లో అమ్ముతున్న క్వాంటమ్ పెట్టెల డిటెక్టర్లకు కళ్లు బైర్లు కమ్మే కాంతి కొట్టి, ఎవరికీ అనుమానం రాకుండా ఆ తాళంచెవి కాజేయొచ్చని చూపించింది. సిద్ధాంతంలో లొసుగు లేదు. పెట్టె మాత్రం మనుషులు చేసిందే కదా.

ఇదంతా బ్రోకరుకి చెప్పాను. ఓపిగ్గా విన్నాడు.

"సరే, సైటు కాగితాలు సక్రమంగా ఉన్న ఎ ఖాతానా, తేడా ఉన్న బి ఖాతానా?" అనడిగాను.

"ప్రస్తుతానికి రెండూ అన్నా. నువ్వు అడ్వాన్సు ఇస్తే చూస్తాం."