శంషాబాద్‌లో లావు, డాలస్‌లో లక్షణంగా

ఆఫీసుల్లో ఇక బీఎంఐ చాలెంజ్ కూడా మొదలైంది. అడుగులు లెక్కపెట్టే వాచీలు బోరుకొట్టాయి కాబోలు. ఎత్తును ఎత్తుతోనే హెచ్చవేసి, బరువును దాంతో భాగిస్తే వచ్చేదే మన ఆరోగ్యమట! 23 లోపుంటే పచ్చ టిక్కు, దాటితే ఎర్ర రంగు, వెనకాలే హెచ్‌ఆర్ నుంచి ఓ జాలి మెయిలు. 1832లో ఈ భాగహారం చేసిన బెల్జియం పెద్దమనిషి కెట్లే నక్షత్రాలు చూసుకునేవాడు. జనంలో ‘సగటు మనిషి’ కోసం వెతికాడే తప్ప ఎవరి పొట్ట జోలికీ పోలేదు. 1972లో అమెరికా శాస్త్రవేత్త యాన్సెల్ కీస్ దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టాక లెక్కల పుస్తకానికి తెల్లకోటు వచ్చింది.

అసలు తమాషా హద్దు గీతల దగ్గరుంది. 170 సెంటీమీటర్ల ఎత్తు, 70 కిలోల బరువున్న మనిషిని తీసుకోండి. బీఎంఐ 24.2. మన దేశపు లెక్కలో 23 దాటాడు కాబట్టి అధిక బరువు. అదే మనిషి శంషాబాద్‌లో విమానమెక్కి డాలస్‌లో దిగాడా, అక్కడి గీత 25, నార్మల్! దారి పొడవునా పెట్టిందల్లా తిన్నాడు, ఇరవై గంటలు కదలకుండా కూర్చున్నాడు, పైగా అమ్మ కట్టిచ్చిన అరిసెలు. అయినా చిక్కిపోయాడు. సంక్రాంతికి ఇంటికొస్తే ఇమిగ్రేషన్ ముద్ర పడేలోపే మళ్లీ లావు. అమెరికావాళ్లకూ ఈ మాయ కొత్త కాదు. 1998లో అక్కడ గీతను మగవాళ్లకు 27.8 నుంచి, ఆడవాళ్లకు 27.3 నుంచి 25కు దించితే, ఒక్క ముద్ద ఎక్కువ తినకుండానే రెండు కోట్ల మందికి పైగా రాత్రికి రాత్రే ఒళ్లు చేశారు.

మన గీత కిందికి దిగడానికి కారణముంది, కాదనను. మనవాళ్లకు తక్కువ బరువులోనే షుగరొస్తుంది. ఈ అంకె గుట్టు విప్పేదీ ఆ కారణమే. 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన దిగిన ఫొటో వైద్య పత్రిక లాన్సెట్‌లో వచ్చింది. ఇద్దరి బీఎంఐ 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2. కండైనా కొవ్వైనా తక్కెడకు కిలో కిలోయే, దాన్నేమీ అనలేం. తూచి సర్టిఫికెట్లు పంచేవాళ్లనే అనాలి. పుల్లల్లాంటి కాళ్లూ చేతులూ, బిందెలాంటి బొజ్జా ఉన్నవాడికి ‘22, శభాష్’ అని చెప్పి పంపడం మోసం. ఆ శభాష్‌ను నమ్మి వాడు రక్తపరీక్ష మానేస్తాడు. షుగరు బయటపడేసరికి కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. అప్పుడు ఏ యాప్ జవాబు చెబుతుంది?

బీఎంఐ చవక, సులువు, లక్షల మందిని పోల్చడానికి పనికొస్తుంది అంటారు. పోల్చుకోండి, ఎవరొద్దన్నారు? ఒక్క మనిషి సంగతికొస్తే టేపు అంతకన్నా చవక. నడుము మగవాళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకు 80 దాటకూడదని మన డాక్టర్లే రాసిపెట్టారు. చాలెంజ్ ఫారంలో ఆ గడి లేదు. బొజ్జ కొలవడం మర్యాద కాదట, బరువును ఆఫీసంతా ర్యాంకులేసి పంచడం మర్యాదట! ఏటా ప్యాంటు నడుం దగ్గర అరంగుళం వదిలి కుడుతున్న వీధిచివరి దర్జీకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆయన్ని మాత్రం ఏ చాలెంజ్‌కీ పిలవలేదు.