సీట్లు పంచే కంప్యూటర్ గారికి మధ్య సీటు విన్నపం

మహారాజశ్రీ రైలు సీట్లు కేటాయించే కంప్యూటర్ గారి దివ్య సముఖానికి,

అయ్యా,

తమరిని అయ్యా అనాలో అమ్మా అనాలో తెలియక తటపటాయిస్తూనే రాస్తున్నాను. టికెట్ తీసుకునేటప్పుడు మా పేరు, వయసు, ఆడో మగో అన్నీ తమరు అడిగారు. చెప్పాం. కిటికీ పక్కన కావాలా అనీ అడిగారు. కావాలన్నాం. అంతా విని డెబ్బై నాలుగేళ్ల మా అమ్మకు మధ్య సీటు, నాకు నడవ పక్క సీటు ఇచ్చారు. విజయవాడ వెళ్లే రైలైతే నోరెత్తేవాణ్ని కాదు. ఇది కట్రా నుంచి శ్రీనగర్ వెళ్లే రైలు. దారిలో చీనాబ్ వంతెన ఉంది. మేము అంత దూరం వెళ్లిందే దానికోసం. (వైష్ణోదేవి అమ్మవారు క్షమించాలి. ముందు దర్శనం ఆవిడదే చేసుకున్నాం.)

మా అమ్మ కొవ్వూరులో పుట్టి రాజమండ్రి కాపురానికి వచ్చింది. పుట్టింటికీ మెట్టినింటికీ మధ్య ఉన్నదల్లా గోదావరి, దాని మీద వంతెన. 1900లో మొదలై 1997లో విశ్రాంతి తీసుకున్న హేవ్‌లాక్ వంతెన మీద ఆవిడ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కలేదు. కోపం వస్తే అటు, తగ్గితే ఇటు. చక్రాల చప్పుడు మారగానే గుప్పిట్లో సిద్ధంగా ఉన్న నాణెం కళ్లకద్దుకుని గోదాట్లో వేసేది. అలాంటి మనిషి 2025 జూన్ 6న టీవీలో చీనాబ్ వంతెన ప్రారంభం చూసి, "రైల్లోంచి ఆ నదికి ఇంతవరకూ ఎవరూ డబ్బులేసి ఉండరు కదురా, పాపం" అంది. మా ప్రయాణం ఆ క్షణాన ఖాయమైపోయింది. చంద్ర, భాగ అనే రెండు ఏర్లు కలిస్తే పుట్టిన నది కనుక దానికి చంద్రభాగ అని ఇంకో పేరుంది. అమ్మకు చీనాబ్ నోరు తిరగదు, చంద్రభాగమ్మ అంటుంది.

తమరికి అంకెలు తప్ప వేరే భాష రాదు కాబట్టి అంకెల్లోనే చెబుతాను. వంతెన పొడవు 1,315 మీటర్లు. నది అడుగు నుంచి ఎత్తు 359 మీటర్లు. ఈఫిల్ టవర్‌ను తెచ్చి కింద నిలబెట్టినా దాని కొన పట్టాలకు తగలదు. మధ్యలో 467 మీటర్ల ఒకే ఒక్క ఉక్కు కమాను, నీళ్లలో కాలు పెట్టకుండా ఈ కొండ నుంచి ఆ కొండకు వంగి ఉంటుంది. రెండు ఒడ్డుల నుంచీ చెరో సగం కట్టుకుంటూ వచ్చి 2021 ఏప్రిల్‌లో నట్టనడుమ కలిపారు. కిందనున్న కొండ చూస్తే అంత నమ్మదగ్గదీ కాదు, రాయంతా పగుళ్లు. తవ్వితే గానీ లోపలేముందో తెలియదు, తెలిసినప్పుడల్లా గీసుకున్న నమూనా మార్చుకోవాలి. ఆ పనిలో పదిహేడేళ్లు సలహాదారుగా ఉన్న బెంగళూరు ఐఐఎస్‌సీ ఆచార్యురాలు జి. మాధవీలత మన ప్రకాశం జిల్లా ఏడుగుండ్లపాడు ఆడపడుచే. అందరూ ఆవిణ్ని ఆకాశానికి ఎత్తుతుంటే, ఆవిడ మాత్రం వేలమందిలో తానూ ఒకరినని, అనవసరంగా తనకు అంత పేరు అంటగట్టొద్దని రాశారు. నాకు ఆ మాట నచ్చింది. అమ్మకు నచ్చలేదు. "వచ్చిన పేరును రానివ్వచ్చుగా" అంది.

2003లో మంజూరైన ఆ వంతెన మీద మామూలు రైలు నడవడానికి 22 ఏళ్లు పట్టింది. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో వెళ్తే దాటడానికి పట్టేది 47 సెకన్లు. ఆ 47 సెకన్లలో మా అమ్మ వాటా ఏదీ అన్నదే నా ఫిర్యాదు.

నాణెం కుదరదని ముందే చెప్పాను. కిటికీలు తెరుచుకోవు, తలుపులు స్టేషన్లో తప్ప కదలవు. అయినా కొత్త రూపాయి తెచ్చుకుంది. గాలి అడ్డు లేదనుకుంటే అంత ఎత్తు నుంచి పడటానికి ఎనిమిదిన్నర సెకన్లని మా అబ్బాయి లెక్కకట్టి చెబితే, "మంచిదే, దణ్ణం పూర్తిగా పెట్టుకోవచ్చు. గోదాట్లో అయితే సగంలోనే మునిగిపోతుంది" అంది.

కట్రా దాటాక సొరంగం, సొరంగం వెలుపల లోయ. ఒకే స్తంభం, దానికి 96 కేబుళ్లు. పెట్టెలో మనుషులతోపాటు ఫోన్లూ లేచాయి. చీనాబ్, చీనాబ్ అని ఒకటే కేకలు. తీరా చూస్తే అది చీనాబ్‌లో కలిసే అంజి ఏటి మీది వంతెన. అంజి అనగానే అమ్మ ఆంజనేయుణ్ని తలుచుకుని లెంపలేసుకుంది. జనం ఉత్సాహం సగం అక్కడే ఖర్చయింది. అసలుది వచ్చేసరికి అవతలి వరుస కిటికీలకు వీపులు అడ్డం. మా వైపు కిటికీ పక్కాయన, కశ్మీరీ పెద్దమనిషి, తెర కిందికి లాగి నిద్రపోతున్నాడు. లేపడానికి నోరు రాలేదు. మంచుకో కొండచరియలకో జమ్మూ రోడ్డు మూసుకుపోతే దారిలో పడిగాపులు పడ్డ ఊళ్ల మనిషి. ఆయనకు ఇది చూసే వింత కాదు, ఇంటికి పోయే దారి. హేవ్‌లాక్ మీద మా అమ్మ మాత్రం ఎన్ని కునుకులు తీసి ఉండదు!

చప్పుడు మారింది. అమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. తెరకూ కిటికీ చట్రానికీ మధ్య వేలెడు సందు. అందులోంచి ఓ ఉక్కు కడ్డీ, దాని వెనక ఉత్త గాలి, ఎక్కడో అడుగున ఆకుపచ్చ నీటి గీత. కాసేపటికి మళ్లీ సొరంగం. ఆయన కళ్లు తెరిచి ఏమైందని హిందీలో అడిగాడు. వంతెన వెళ్లిపోయిందన్నాను. "మళ్లీ వస్తారుగా" అని సంచిలోంచి రెండు అక్రోట్లు తీసి అమ్మ చేతిలో పెట్టాడు.

మావి గొంతెమ్మ కోరికలు కావు. వంతెన మీద రైలు ఆపమనడం లేదు. గంటకు 266 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా కట్టారంటే అక్కడ దిగి ఫొటోలు తీసుకోమని కాదని మాకూ తెలుసు. అసలు ఆ కమాను అందం చూడాలంటే పక్క కొండ మీద నిలబడాలి, రైలెక్కినవాడి కాళ్ల కిందే అది దాక్కుంటుంది. ఆ సంగతి ఎవరైనా ముందే చెబితే బాగుండేది. ఇంక తమరు చేయగలిగింది ఒక్కటే. డెబ్బై దాటినవాళ్లు కిటికీ అడిగితే కిటికీ ఇవ్వండి. వంతెనకు ఒక్క నిమిషం ముందు, ఇది అంజి, ఇది చీనాబ్ అని మైకులో చెప్పించండి. నిద్రపోయేవాళ్లు నిద్రపోతారు, లేచేవాళ్లు లేస్తారు.

ఇట్లు,
తమ విధేయుడు,
నడవ పక్క ప్రయాణికుడు,
రాజమహేంద్రవరం.

తా.క.: తిరుగు ప్రయాణంలో తమరు అమ్మకు కిటికీ సీటే ఇచ్చారు. ఆ రోజు లోయ నిండా మబ్బు దిగింది, కిటికీలో తెలుపు తప్ప ఏమీ లేదు. ఆ తప్పు తమరిది కాదు. రూపాయి ఇంకా అమ్మ కొంగున ముడివేసే ఉంది.