మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం: టీకా తాత్పర్యములు

మూలం: “మీ కాల్ మాకు ఎంతో ముఖ్యం. మా ప్రతినిధులందరూ వేరే కాల్స్‌లో ఉన్నారు. దయచేసి లైన్లో ఉండండి.”

అవతారిక: నాగాయలంకలో ఒక రొయ్యల రైతు. చెరువు నీటికి గాలినిచ్చే ఏరేటర్ల స్టార్టర్ పెట్టెలో సిమ్ ఉంది. కరెంటు పోతే ఆ పెట్టె రైతుకు ఫోన్ చేయాలి. సిగ్నల్ లేక చేయలేదు. తెల్లారగట్ల రొయ్య నీటి పైకి తేలింది. గట్టు మీద నుంచి వేరే ఫోనుతో ఆ సిమ్ కంపెనీ కస్టమర్ కేర్‌కు కలిపితే యంత్రం పలికిన వాక్యమిది. ఆ కంపెనీ షేర్లే ఆయన డీమ్యాట్ ఖాతాలోనూ ఉన్నందున ఇది ద్వ్యర్థి. చందాదారు పక్షం ఒకటి, వాటాదారు పక్షం ఒకటి.

ప్రతిపదార్థం:
మీ కాల్ = చందాదారు పక్షమున, చెరువు బతుకు; వాటాదారు పక్షమున, ఒక్కో సిమ్ మీద నెలకు వచ్చే సగటు రాబడి, అనగా ఆర్పు.
ఎంతో ముఖ్యం = రీచార్జి గడువు తీరే దాకా.
ప్రతినిధులందరూ = ఎందరో చెప్పలేదు. బహువచనం గౌరవార్థకమైతే ఒక్కరే కావచ్చు.
వేరే కాల్స్‌లో = త్రైమాసిక ఫలితాల రోజున విశ్లేషకులతో మాట్లాడే కాల్‌లో. అందులో ఎవరినీ తొమ్మిది నొక్కమనరు.
లైన్లో ఉండండి = చందాదారుకు ఓర్పు; వాటాదారుకు దీర్ఘకాలిక పెట్టుబడి.

పాఠాంతరం: గుడివాడ ప్రతిలో చివర పాట వస్తుంది. బందరు ప్రతిలో పాట సగంలో లైన్ తెగుతుంది. లేఖక ప్రమాదమని కొందరు. టవర్ దోషమని మా మతము.

పూర్వపక్షం: సేవ చెడితే జనం పోతారు, జనం పోతే షేరు పడాలి కదా? శంక సబబే. 2011 జనవరి 20 నుంచి నంబరు మారకుండా కంపెనీ మారే హక్కు దేశమంతటా ఉంది. 1900కి మెసేజ్ పెడితే పని మొదలవుతుంది.

సిద్ధాంతం: 2024 జూలైలో ప్రైవేటు కంపెనీలు మూడూ రేట్లు పెంచాయి. ఒళ్లు మండినవాళ్లు లక్షల్లో బీఎస్ఎన్ఎల్‌కు మారారు. చందాదారులు తగ్గినా ఎయిర్‌టెల్ ఆర్పు ఒక్క త్రైమాసికంలో 211 నుంచి 233 రూపాయలకు పెరిగింది. పోయినవాళ్ల వెంట పోదామన్నా వాటాదారుకు దారి లేదు. బీఎస్ఎన్ఎల్ పూర్తిగా సర్కారుది, దాని షేరు మార్కెట్లో దొరకదు.

షేరును ముంచేవి వేరే ఉన్నాయి. 2008 జనవరిలో 800 రూపాయలు దాటిన రిలయన్స్ కమ్యూనికేషన్స్ షేరు, కంపెనీ అప్పుల్లో మునిగి 2019లో దివాలా ప్రక్రియకు చేరాక రూపాయి దగ్గరికొచ్చింది. 2016 సెప్టెంబరు 5న వచ్చిన జియో దెబ్బకు, ఒకప్పుడు ఆంధ్రలో టాటా సెల్యులార్‌ను కలుపుకున్న ఐడియా, 2018లో వొడాఫోన్‌తో కలిసింది. 2019 అక్టోబరు 24న ఏజీఆర్ బకాయిలపై, అనగా రాబడిలో సర్కారుకు కట్టాల్సిన వాటా బాకీలపై, సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దాంతో అంతకు ముందు నెలతో ముగిసిన త్రైమాసికానికి వొడాఫోన్ ఐడియా దాదాపు 51 వేల కోట్ల నష్టం చూపింది. 2023లో, 2025లో బకాయిలను షేర్లుగా మార్చుకున్న కేంద్రం 49 శాతం దాకా వాటాదారైంది. సర్కారు వారు కూడా లైన్లోనే ఉన్నారని ధ్వని.

దృష్టాంతం: 1923లో బందరులో పట్టాభి సీతారామయ్యగారు పెట్టిన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. వెయ్యి ఆంధ్రా బ్యాంకు షేర్లకు 325 యూనియన్ బ్యాంకు షేర్లు ఇచ్చారు. కౌంటర్లో మర్యాదకు ఆ లెక్కలో పద్దు లేదు.

అలంకారం: శ్లేష. “ఎంతో ముఖ్యం” అన్నచోట అతిశయోక్తి.

తాత్పర్యం: సిగ్నల్ చూసి సిమ్ తీసుకోండి. అప్పు, సర్కారు బకాయి, ఆర్పు చూసి షేరు కొనండి. కేర్ మీద కోపం వస్తే 1900తో తీర్చుకోండి, డీమ్యాట్ ఖాతా దాకా లాగకండి. షేరు పెరుగుతోంది కదా అని చెరువు గట్టు మీద పలకని సిమ్‌ను మాత్రం భరించకండి.