ఎడం పక్క

ఫ్రిస్కోలో ఉండే మనవాడికి రెండు కార్లు. సంసారానికి పెద్దది, సరదాకి చిన్నది. చిన్నది 1992 నాటి మాజ్డా మియాటా. రెండే సీట్లు, వెనక్కి మడిచేసే గుడ్డ టాపు, బరువు దాదాపు ఒక టన్ను. మలుపుల్లో దాన్ని తిప్పే హుషారు ఇంకే కారులోనూ రాదంటాడు. ఒకటే లోటు. కంపెనీ ఇచ్చిన చక్రాలు మరీ బక్కవి. 14 అంగుళాల డిస్కు, అయిదున్నర అంగుళాల వెడల్పు, దాని మీద 185 టైరు. ఎప్పటికైనా వాటిని మార్చి వెడల్పాటివి వేయాలని కోరిక.

ఆ వేసవిలో ఒంగోలు నుంచి నాన్న వచ్చాడు. ఆర్టీసీ డిపోలో టైర్ల సెక్షన్‌లో చేసి రిటైరైన మనిషి. టైరు ఏ అంచున అరిగిందో చూసి, అలైన్‌మెంట్ తప్పిందో గాలి తక్కువైందో చెప్పేవాడు. డ్రైవర్లు ఆయన చెవి మీద, ఆయన చెయ్యి మీద నమ్మకంతో బండి తీసేవారు. ఇక్కడ ఊరికే కూర్చోలేక పొద్దునా సాయంత్రం కాలనీ చుట్టూ నడక మొదలుపెట్టాడు. "ఇక్కడ చెప్పులేసుకుని తిరగకు నాన్నా" అని కొడుకు ఖరీదైన బూట్లు తెప్పించి ఇచ్చాడు. తన నంబరే ఆర్డరు పెట్టేశాడు.

ఆ వారమే చక్రాలూ వచ్చాయి. వాటి కొలతల కోసం మాత్రం ఎన్నో రాత్రుళ్లు నిద్ర మానుకున్నాడు. 15 అంగుళాల డిస్కు, 8 అంగుళాల వెడల్పు, 205/50 టైరు. ఆఫ్‌సెట్ 45 నుంచి 25కి దిగుతుంది. అంటే డిస్కు లోపలి అంచు స్ప్రింగు వైపు 12 మిల్లీమీటర్లు జరుగుతుంది, బయటి అంచు ఏకంగా 52 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. ఆ 52 మడ్‌గార్డు కింద ఇముడుతుందా లేదా అన్నదే బెంగంతా. నడిమి రంధ్రం హబ్బు కన్నా పెద్దదని, చక్రం కేంద్రం తప్పి స్టీరింగు వణక్కుండా, 54.1 మిల్లీమీటర్ల రింగులు కూడా తెప్పించాడు.

గ్యారేజీలో తండ్రీకొడుకులిద్దరూ కలిసే బిగించారు. కొడుకు జాకీ ఎత్తితే నాన్న టార్చి పట్టాడు. నట్లు ఎదురెదురుగా బిగించమని, ఒకే చుట్టులో బిగిస్తే డిస్కు వంకరగా కూర్చుంటుందని గుర్తుచేశాడు. "వెడల్పు టైరుకి పట్టు ఎక్కువేరా. కాకపోతే స్టీరింగు బరువెక్కుద్ది, వానలో త్వరగా నీళ్ల మీద తేలుద్ది. చూసుకుని నడుపు" అన్నాడు. కొడుకు టార్క్ రెంచితో 80 పౌండ్-ఫీట్‌కి లెక్కగా బిగించి, నాన్నని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పుకొచ్చాడు. ఇంటికొచ్చి ఫోటోలు తీస్తుంటే, పెద్దాయన కారు చుట్టూ ఒకసారి నెమ్మదిగా తిరిగొచ్చి, మొహం చిట్లించాడు.

"ఎడం పక్క రాసుకుంటోందిరా."

కొడుకు గుండె జారింది. "ఎప్పుడు?"

"తిరిగినప్పుడల్లా."

"ముందా, వెనకా?"

"ముందే. బయటివైపు."

అదే తను భయపడ్డ చోటు! వెంటనే కారు కింద దూరాడు. మడ్‌గార్డు లోపలి అంచుకి సుద్ద పూసి, స్టీరింగు ఆ చివరికీ ఈ చివరికీ తిప్పుతూ వీధి చుట్టొచ్చాడు. సుద్ద పూసింది పూసినట్టే ఉంది. టైరు మీద గీతైనా లేదు. అయినా నాన్న మాట ముందు సుద్ద సాక్ష్యం చెల్లుతుందా? ముప్ఫయ్యేళ్లు టైర్ల మధ్య బతికిన మనిషాయె. శనివారం రోలర్ అద్దెకు తెచ్చి, పెయింటు పగలకుండా హీట్‌గన్‌తో వేడిచేస్తూ, మడ్‌గార్డు అంచుని లోపలికి మడిచేశాడు. అంత జాగ్రత్తపడ్డా ఒకచోట సన్నగా బీట వచ్చింది. పళ్లు కొరుక్కుని ఊరుకున్నాడు.

"ఇప్పుడెలా ఉంది నాన్నా?"

పెద్దాయన నాలుగడుగులు అటూ ఇటూ వేశాడు. "తగ్గలేదురా. ఎక్కేటప్పుడు మరీను."

ఎక్కేటప్పుడు! అంటే రోడ్డు మీంచి ఇంటి వాలు ఎక్కేటప్పుడు స్ప్రింగు అణిగి చక్రం పైకొస్తోందన్నమాట. కొడుక్కి విషయం అర్థమైపోయింది. సోమవారం ఆఫీసుకి సెలవు పెట్టి అలైన్‌మెంట్ షాపుకి పోయాడు. చక్రాల పైభాగం లోపలికి వాలేలా క్యాంబర్ మైనస్ ఒకటిన్నర డిగ్రీలకు పెట్టించాడు. "మీ కారు ఎక్కడా తగలడం లేదు సార్" అని అక్కడి మెకానిక్ అంటూనే ఉన్నాడు. "మా నాన్న విన్నాడు" అన్నాడు వీడు, ఇంక మాట్లాడొద్దన్నట్టు.

ఆ రాత్రి కోడలు విసుక్కుంది. "రెండు వారాలుగా ఆ కారు కిందే కాపురం. మామయ్యగారు వచ్చి నెలైంది, ఒక్క చోటికైనా తీసుకెళ్లారా?"

"ఆయన కోసమే కదా ఇదంతా! రాసుకుంటోందని ఆయనకి ఎంత బాధగా ఉందో నీకేం తెలుసు?" అన్నాడు.

మర్నాడు సాయంత్రం మళ్లీ నాన్నని కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దొరికిన మలుపల్లా తిప్పాడు, కనిపించిన స్పీడ్ బ్రేకరల్లా ఎక్కించాడు. ఇంటికొచ్చి ఇంజను ఆపి, పరీక్ష రాసొచ్చిన పిల్లాడిలా నాన్న మొహంలోకి చూశాడు.

"ఇప్పుడు చెప్పు నాన్నా. రాసుకుంటోందా?"

"లేదురా, నయంగానే ఉంది" అన్నాడు పెద్దాయన తృప్తిగా. "పొద్దున దూది పెట్టాలే."

"దూదా? టైరుకి దూదేంటి నాన్నా?"

"టైరుకేం రోగం? బిగించిన రోజు నుంచీ నిక్షేపంగా తిరుగుతోంది."

వంగి, ఎడమ కాలి బూటు జాగ్రత్తగా ఊడదీశాడు. చిటికెన వేలి దగ్గర మేజోడు మీద ఎండిన నెత్తురు మరక.

కొడుకు నోట కాసేపు మాట రాలేదు. ఆ తర్వాత వచ్చింది కోపమే. "ఇన్నాళ్లూ ఈ బాధ పడుతూ నాకొక్క మాట చెప్పొచ్చు కదా నాన్నా!"

పెద్దాయన దూది సర్దుకుంటూ అన్నాడు:

"చెప్పానుగదరా. చెప్పినప్పుడల్లా నువ్వు కారు కిందికి దూరావు."