ఆ అమ్మాయిని క్యాష్‌లోనే ఉంచేశాను

కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పడం బ్రాంచి మేనేజరు పని కాదని సర్వీసులో చాలాకాలం నమ్మాను. నమ్మడమే కాదు, నలుగురిలో గర్వంగా చెప్పుకున్నాను. నేను క్లర్కుగా చేరినప్పుడు నాకెవరూ నేర్పలేదు. లెడ్జరులో అంకె తప్పు పడితే హెడ్ క్యాషియరు అందరి ముందూ తిట్టేవాడు. ఆ తిట్లే నన్ను మనిషిని చేశాయనుకున్నాను. నీళ్లలోకి తోస్తే ఈత దానంతటదే వస్తుందన్నది నా సిద్ధాంతం. ఉద్యోగం మానేద్దామా అని అప్పట్లో నిద్రపట్టక దొర్లిన రాత్రులు మాత్రం మేనేజరు కుర్చీలో కూర్చున్నాక గుర్తురాలేదు.

పల్నాడులో ఒక మండల కేంద్రం బ్రాంచిలో ఉండగా, ఐబీపీఎస్ పరీక్ష రాసి ఎంపికైన ఒక అమ్మాయి క్లర్కుగా చేరింది. ఊరు శ్రీకాకుళం వైపు. బొకే ఇచ్చాం, స్వీట్లు పంచాం, ఫొటో తీసి రీజనల్ ఆఫీసు గ్రూపులో పెట్టాను. స్వాగతమంటే అంతే అనుకున్నాను. యూజర్ ఐడీ రాగానే క్యాష్ కౌంటర్లో కూర్చోబెట్టాను. నెల మొదటి వారం. పెన్షనర్లు, పొదుపు సంఘాల ఆడవాళ్లు, మిర్చి అమ్మిన డబ్బు కట్టడానికొచ్చిన రైతులు. "ఏదైనా అనుమానం వస్తే అడుగమ్మా" అని చెప్పి క్యాబిన్లోకి వెళ్లిపోయాను. ఏది అడగాలో తెలిస్తే కదా అడగడానికి! కౌంటరు ముందు అంత జనం తోసుకుంటుంటే, సీట్లోంచి లేచి మేనేజరు తలుపు తట్టే ధైర్యం నిన్న చేరిన పిల్లకు ఎక్కణ్నుంచి వస్తుంది?

ఆ వారంలోనే ఒక సాయంత్రం క్యాష్ టాలీ కాలేదు. 10,000 తక్కువ. వోచర్లన్నీ తిరగేస్తే, 40,000 విత్‌డ్రాయల్‌కు 500 నోట్ల ప్యాకెట్టు మొత్తం ఇచ్చేసి ఉంటుందని అర్థమైంది. ప్యాకెట్టంటే 100 నోట్లు, 50,000. అందులోంచి 20 నోట్లు తీసి పక్కన పెట్టుకోవాలి. హడావుడిలో అది మరిచిపోయింది. ఆ ఖాతాదారుకు ఫోన్ చేస్తే తనకు సరిగ్గానే ముట్టిందన్నాడు. తగ్గిన సొమ్ము క్యాషియరే కట్టాలి. మొదటి జీతం ఇంకా పడలేదు. వాళ్ల నాన్నకు ఫోన్ చేసి డబ్బు వేయించుకుంది. నోట్ల కట్టకు వేసే రబ్బరు బ్యాండును వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ, తలెత్తకుండా మాట్లాడింది. "ఇక జన్మలో ఈ పొరపాటు చెయ్యవులేమ్మా" అన్నాను. ఓదార్పు అనుకునే అన్నాను.

ప్యాకెట్టు విప్పగానే మిగలాల్సిన నోట్లు ముందు డ్రాయర్లో వేసుకోవాలనీ, ఇచ్చేది మెషీన్‌లో ఇంకోసారి లెక్కించాలనీ, ఏ నోట్లు ఎన్ని ఇచ్చామో వోచరు వెనక రాసుకోవాలనీ పక్కన కూర్చుని ఎవరైనా ఒక్కసారి చూపించి ఉంటే సరిపోయేది. మా సీనియర్ క్యాషియరు రెండు టేబుళ్ల అవతలే ఉన్నాడు. రెండు రోజులు ఆ పిల్ల పక్కన కుర్చీ వేసుకోమని ఆయనకు చెప్పాలని నాకు తోచలేదు.

తర్వాత ఒకరోజు దొంగనోటు వస్తే, కస్టమరు గొడవ పడతాడన్న భయంతో తిరిగి ఇచ్చేసింది. అలా ఇవ్వకూడదు. ముద్ర కొట్టి నోటు ఉంచేసుకుని, రసీదు రాసివ్వాలి. ఒకే లావాదేవీలో అలాంటివి 5 గానీ అంతకు మించి గానీ వస్తే పోలీసులకు ఫిర్యాదు చేయాలి. ఇది రిజర్వు బ్యాంకు నిబంధన. చెప్పనిది నేను, మందలించిందీ నేనే.

ఇంతకంటే పెద్ద తప్పు, ఆమెకు పని వచ్చాక చేశాను. చెయ్యి తిరిగింది. ఆమె కౌంటర్లో క్యూ ఇట్టే కరిగిపోయేది. అంచేత నేను బదిలీ అయ్యేదాకా క్యాష్‌లోంచి కదపలేదు. "లోన్లు నేర్చుకుంటాను సార్" అని అడిగినప్పుడల్లా "మార్చి క్లోజింగ్ కానీ అమ్మా" అనేవాణ్ని. బ్యాంకు ఉద్యోగులు రాసే జేఏఐఐబీ పరీక్షకు సెలవడిగితే, స్టాఫ్ లేరని ఆపాను. ఆ పరీక్ష పాసైతే ఇంక్రిమెంటు వస్తుంది. ఆమె ఇంటికి చేరాల్సిన డబ్బు అది.

ఆఫీసరు ప్రమోషన్ ఇంటర్వ్యూ అయ్యాక ఫోన్ చేసింది. "పంట రుణాలకు స్కేల్ ఆఫ్ ఫైనాన్స్ ఎవరు నిర్ణయిస్తారని అడిగారు సార్. చెప్పలేకపోయాను." ఏ పంటకు ఎకరాకు ఎంత అప్పివ్వాలన్న ఆ లెక్కను జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. అది మా ఫీల్డాఫీసరు నోట రోజూ నలిగే మాట. మాది పంట రుణాల బ్రాంచి. కిసాన్ క్రెడిట్ కార్డు ఫైళ్ల బీరువా ఆమె సీటు వెనకే ఉండేది. ఒక్క ఫైలైనా ఆమె చేత విప్పించలేదు. ఫోన్లో ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ప్రమోషన్ల జాబితాలో ఆమె పేరు రాలేదు.

ఇప్పుడు మేనేజర్లుగా ఉన్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నేను చెప్పేది ఒకటే. ఈ ఏడాది మీ దగ్గరకు కొత్తవాళ్లు వస్తే వాళ్ల పక్కన సీనియరు ఒకరిని కూర్చోబెట్టండి. చెయ్యి తిరగ్గానే సీటు మార్చండి. పరీక్షకు సెలవడిగితే, కౌంటర్లో మీరే కూర్చోవాల్సి వచ్చినా సరే, సంతకం పెట్టి పంపండి.