బీపీ గురించి చెవిన పెట్టకూడని సలహాలు

"పొద్దున్నే బీపీ చూసుకోకు, ఎక్కువ వస్తుంది. భోంచేసి ఓ కునుకు తీశాక చూసుకో." ఎవరింటికి వెళ్లినా వినిపించే మాట ఇది. నిజానికి మనకు కావలసింది ఆ పొద్దుటి అంకే. తెల్లవారకముందే మెదడులోని గడియారం ఒంటిని లేపడం మొదలుపెడుతుంది. కార్టిసాల్ పెరుగుతుంది, లేవగానే అడ్రినలిన్ ఎక్కువవుతుంది, రక్తనాళాలు బిగుస్తాయి, రక్తం త్వరగా గడ్డకట్టే స్థితికి వస్తుంది. గుండెపోట్లు ఉదయం ఆరు నుంచి మధ్యాహ్నంలోపే ఎక్కువగా వస్తున్నాయని అమెరికా వైద్యులు 1985లోనే గమనించారు. ముప్పున్న వేళ వదిలేసి, నెమ్మదించిన వేళ చూసుకుని ఏం లాభం?

కాబట్టి పొద్దున లేచి, బాత్రూంకి వెళ్లొచ్చి, కాఫీకీ మాత్రకీ ముందే చూసుకోండి. వీపు కుర్చీకి ఆనించి, పాదాలు నేలమీద ఉంచి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోండి. పట్టీని చొక్కా మీద నుంచి చుట్టకండి. చెయ్యి గుండె ఎత్తులో బల్లమీద ఉండాలి. నిమిషం ఆగి ఇంకోసారి చూసి, రెండూ రాసుకోండి. సాయంత్రమూ ఇంతే. వారం రోజుల సగటు 135/85 దాటితే ఆ కాగితం డాక్టరుకు చూపించండి.

"గురక పెడుతున్నాడంటే హాయిగా నిద్రపోతున్నట్టే." ఇది మరీ ప్రమాదం. రాత్రి నిద్రలో బీపీ పగటికంటే 10 నుంచి 20 శాతం తగ్గాలి. గురక మధ్యలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లలో చాలామందికి అలా తగ్గదు. పగలు చూస్తే అంతా మామూలుగానే కనిపించవచ్చు. 24 గంటలు కట్టి ఉంచే బీపీ మిషన్‌తోనే అసలు సంగతి బయటపడుతుంది. ఊపిరి ఆగడం తెలిసేది పక్కన పడుకున్నవాళ్లకే. అమ్మా, మీరే డాక్టరుకు చెప్పాలి.

"మాత్ర రాత్రి వేసుకుంటేనే గుండెకు రక్ష" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. బ్రిటన్‌లో 21 వేల మందికి పైగా జనంతో చేసి 2022లో ప్రచురించిన అధ్యయనంలో, ఉదయం వేసుకున్నవాళ్లకూ రాత్రి వేసుకున్నవాళ్లకూ తేడా కనిపించలేదు. మరిచిపోకుండా వేసుకోగలిగిన వేళే మంచి వేళ. డాక్టరును అడగకుండా మాత్రం మార్చకండి.

ఈ పొద్దున, రాత్రి లెక్కలు తారుమారయ్యే నైట్ షిఫ్టుల వాళ్లు తమ పని వేళలు డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఇక అన్నిటికన్నా చెడ్డ సలహా: తెల్లవారుజామున ఛాతీలో నొప్పి వస్తే "గ్యాసే, సోడా తాగి పడుకో, తెల్లారాక చూద్దాం" అనడం. పడుకోబెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.