గుర్తు తెలియని పరికరం

ఇంట్లో కంప్యూటర్‌కి ప్రింటర్ తగిలించాలి. అంతే.

1996లో పుట్టిన యూఎస్‌బీ పేరులోనే ‘యూనివర్సల్’ ఉంది. అటు తిప్పితే దూరదు. ఇటు తిప్పితే దూరదు. మళ్లీ మొదటివైపే తిప్పితే దూరుతుంది!

రెండువైపులా దూరేలా చేస్తే ఖర్చెక్కువని అప్పట్లో మానేశారట. వాళ్లు మిగిల్చింది మన నడుంనొప్పి మాత్రలకి సరి.

దూరింది కదా అని సంబరపడితే తెరమీద ‘గుర్తు తెలియని పరికరం’. ఆరేళ్లుగా ఒకే బల్లమీద కాపురం, ఇప్పుడు ఎవరో తెలీదట!

కేబుల్ మార్చాం. అది ఛార్జింగ్‌కే పుట్టిందట, లోపల డేటా తీగలే లేవు. పైకి మాత్రం కవలలు.

1998 ఏప్రిల్‌లో, షికాగోలో, నిండు సభలో, సాక్షాత్తూ బిల్ గేట్స్ పక్కనుండగా స్కానర్ తగిలిస్తే విండోస్ 98 కుప్పకూలి నీలితెర వేసింది. ఆయనకే తప్పలేదు, మనమెంత?

చివరికి అబ్బాయి వచ్చాడు. పట్టుకోగానే ప్రింటర్ గుర్రుమంది.

‘‘ఏం చేశావురా?’’

‘‘తీసి పెట్టా నాన్నా.’’

నేను చేసిందీ అదే. పదకొండుసార్లు.